పరుగిడు కారును ఛాయాచిత్రమున పట్టుట

కూచిపూడి నాట్యమును ఛాయాచిత్రములు తీసిన విద్యార్థులు ఒక సంగతి గమనించియుందురు. నర్తకి యెంత వడిగా నాడినను, జతి ముగిసినచోట ఒక్క క్షణము నిలుచును. ఆ క్షణమునకై కాచియుండి మీట నొక్కిన చిత్రము చక్కగా వచ్చును. పందెపు కారునకు అట్టి విరామము లేదు. కావున దానిని పట్టు ఉపాయము వేఱు.

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్తుతో నడచు కార్లకు ఫార్ములా ఈ పందెము జరిగెను. మన దేశమున ఆ పందెము జరుగుట అదియే మొదలు. నగరవీథులనే సుమారు 2.8 కిలోమీటర్ల బాటగా మార్చిరి. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. అట్టి బాట ప్రక్కన నిలిచినవాడు కెమేరా నెట్లు అమర్చుకొనవలెనో విచారింతము.

గంటకు 180 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకండునకు 50 మీటర్లు పోవును. షట్టరు 1/1000 సెకండు తెఱచియున్నచో అంతలో కారు కదలునది 5 సెంటీమీటర్లే. చక్రపు చుట్టుకొలత 2 మీటర్లనుకొన్న, అది చుట్టులో నలువదవ వంతు మాత్రమే తిరుగును. చిత్రము స్ఫుటముగ నుండును గాని కారు నిలిపియుంచినట్లు తోచును! వేగమే లేని పందెపు చిత్రము సత్యమని మేమొప్పుకొనము.

కావున షట్టరును 1/125 సెకండునకు తగ్గించి, మోచేతులు ప్రక్కల కదుముకొని, నడుము త్రిప్పుచు కెమేరాను కారుతో సమముగా నడపవలెను. మీట నొక్కిన పిదపను త్రిప్పుట మానరాదు. అప్పుడు కారు స్పష్టముగను, చక్రము అయిదవవంతు చుట్టు తిరిగి మసకగను, వెనుకటి దృశ్యము చాఱలుగను కనుపించును.

ఇచటనే చిక్కు కలుగును. వీథిపందెములలో బాటకు ఉక్కు వల కట్టుదురు. కటకమును వలకు మిక్కిలి చేరువగా నుంచి ద్వారమును విశాలముగ తెఱచిననే వల చిత్రమున మాయమగును. కాని మండుటెండలో ఐ.ఎస్.ఓ. 100 వద్ద, 1/125 సెకండునకు తగిన ద్వారపు సంఖ్య 16. దానిని 4నకు తెఱచిన 16 రెట్లు వెలుతురు చొచ్చి చిత్రము తెల్లబోవును. షట్టరు వడి పెంచితిమా, చక్రము మరల నిలిచిపోవును. వెలుతురులో 16వ వంతును మాత్రమే పోనిచ్చు బూడిదవన్నె ఫిల్టరు, అనగా ఎన్.డి. 16, ఈ రెంటికిని సంధి కుదుర్చును. అద్దములపై తళుకును తగ్గించు పోలరైజింగు ఫిల్టరు కూడ కలదు. అయితే కెమేరా త్రిప్పుచుండగా కోణము మాఱుటచే దాని ఫలము నిలుకడగా నుండదు. ముందు కొనదగినది బూడిదవన్నెదే.

ఫ్రాన్సు దేశపు జాక్ ఆన్రి లార్తీగ్ యౌవనారంభమున తీసిన పందెపు చిత్రమున చక్రము ముందునకు వాలిన అండమువలె నుండును. చూచు జనులు వెనుకకు వాలియుందురు. షట్టరులోని సన్నని చీలిక మెల్లగా కదలుటయు, కెమేరా కారంత వడిగా తిరుగకుండుటయు దీనికి కారణములు. నేటి సెల్ ఫోనులలోను చిత్రము వరుస వెంట వరుసగా నమోదగుటచే ఇట్టి వంకర కానవచ్చును.

పామఱ్ఱు–చల్లపల్లి మార్గమున పోవు బస్సులపై ఈ విద్య నభ్యసింపవచ్చును. రోడ్డునకు చాల ఎడముగా నిలువవలెను. గంటకు 45 కిలోమీటర్లు పోవు బస్సు 1/30 సెకండులో సుమారు 42 సెంటీమీటర్లు కదలును, అనగా 1/125లో ఆ పందెపు కారు కదలునంత. అయితే 1/30 వద్ద చేతి వణకు ఎక్కువగ బయటపడును. తొలుత 1/60తో మొదలిడుట మేలు.