స్టేటస్ పోయినా ఎమర్జెన్సీ వైద్యం ఆపరు

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్ వెళ్ళాడు. ఫీజు కట్టలేక చదువు ఆగింది, అక్కడ చట్టబద్ధంగా ఉండే స్టేటస్ పోయింది. ఇన్సూరెన్స్ లేదు. కడుపులో కుడివైపు నొప్పితో మాటిమాటికీ మెలికలు తిరిగిపోతున్నాడు. ఆస్పత్రికి వెళ్తే పట్టిస్తారని మాత్రలు మింగి కూర్చుంటున్నాడు. ఏం చేయాలి?
- ఓ తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఎమర్జెన్సీకి వెళ్ళడానికి వీసా అక్కర్లేదని ముందు మీ అబ్బాయికి చెప్పండి. అమెరికాలో 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం, మెడికేర్ అనే ప్రభుత్వ బీమా సొమ్ము తీసుకునే ఏ ఆస్పత్రైనా తన ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి మనిషినీ పరీక్షించాలి. ప్రమాదం ఉందని తేలితే పరిస్థితి నిలకడకు వచ్చేదాకా వైద్యం చేయాలి, లేదా చేయగల చోటికి పంపాలి. ఇన్సూరెన్స్ ఏదని అడుగుతూ పరీక్షను ఆలస్యం చేయకూడదు. పురిటి నొప్పులకూ ఇదే చట్టం. షుగరు, బీపీలకు నెలనెలా చూపించుకోవడానికి మాత్రం వర్తించదు.

ఇక పట్టిస్తారన్న భయం. గవర్నర్ ఉత్తర్వు మేరకు 2024 నవంబరు నుంచి టెక్సాస్ ఆస్పత్రుల్లో రోగి చట్టబద్ధంగా ఉంటున్నాడా అని అడుగుతున్నారు. ఏ జవాబిచ్చినా వైద్యంలో తేడా రాదని రోగికి చెప్పాలని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. ఫారం చేతికిస్తే "జవాబు చెప్పను" అంటే చాలు. అబద్ధం మాత్రం వద్దు. అమెరికా పౌరుణ్ణని చెప్పుకుంటే ఆ తప్పు ఇమ్మిగ్రేషన్ ఫైలులో జీవితాంతం వెంటాడుతుంది. రూమ్‌మేట్ ఇన్సూరెన్స్ కార్డు వాడటం ఇంకా ప్రమాదం. అది మోసం కేసు అవుతుంది. పైగా ఒకరి బ్లడ్ గ్రూపు, ఒకరికి పడని మందులు మరొకరి రికార్డులోకి ఎక్కుతాయి.

ఒక నిజం దాచను. ఆస్పత్రుల్లో అరెస్టులు చేయకుండా ఆపిన పాత విధానాన్ని 2025 జనవరిలో ఎత్తేశారు. ఇమ్మిగ్రేషన్ అధికారులు వెయిటింగ్ హాలు దాకా రావచ్చు. రోగి ఉన్న గదిలోకి అనుమతి లేకుండా రావాలంటే జడ్జి సంతకం చేసిన వారెంటు ఉండాలి. రోగి గురించి ఇమ్మిగ్రేషన్‌కు ఫోన్ చేయాలన్న బాధ్యత ఆస్పత్రికి లేదు. అరెస్టయితే లాయరు ఉన్నాడు, కోర్టు ఉంది. కానీ ఆ కుడివైపు నొప్పి అపెండిక్స్‌ది అయి, అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

బిల్లు తప్పకుండా వస్తుంది, పెద్దదే వస్తుంది. దాన్ని చూసి ఇల్లు మారిపోవద్దు. లాభాపేక్ష లేని ఆస్పత్రులన్నిటికీ పేద రోగులకు బిల్లు తగ్గించే, మాఫీ చేసే లిఖిత విధానం ఉండి తీరాలి. ఎవరికి వర్తిస్తుందో అందులోనే రాసి ఉంటుంది. మొదటి బిల్లు పంపిన నాటి నుంచి 240 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 'ఫైనాన్షియల్ అసిస్టెన్స్' ఫారం అడిగి తీసుకోమనండి. ఎమర్జెన్సీ మెడికెయిడ్ అని మరో సాయం ఉంది కానీ, టెక్సాస్‌లో పిల్లలు లేని ఒంటరి యువకుడికి అది దక్కడం కష్టం. పైగా 2025లో మెడికెయిడ్ వివరాలు ఇమ్మిగ్రేషన్ శాఖకు చేరడంపై కోర్టుల్లో కేసులు పడ్డాయి. అర్జీ పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగాలి.

హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌కు కూడా రాయండి. కష్టాల్లో పడ్డ మనవారి అత్యవసర వైద్యానికి 2009లో ఏర్పాటైన సంక్షేమ నిధి ఉంది. అర్హత చూసి ఇస్తారు. పాస్‌పోర్టు నకలు, ఆస్పత్రి కాగితాలు జతచేయండి.

ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఇవాళే అబ్బాయికి ఫోన్ చేయండి. నొప్పి ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళమనండి, కదల్లేకపోతే 911కి ఫోన్ చేయమనండి.