వేడినీటి జాడ చెప్పే సిలికా

లద్దాఖ్‌లోని పుగా లోయ సముద్రమట్టానికి సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో నీరు 85 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి, ఊటలో థర్మామీటర్ ముంచితే అంతకు మించి చూపదు. అడుగున ఉన్న అసలు వేడిని చెప్పేవి ఆ నీటిలో కరిగిన పదార్థాలే. వేడి పెరిగేకొద్దీ క్వార్ట్జ్ నుంచి సిలికా ఎక్కువగా కరుగుతుంది. ఫెల్డ్‌స్పార్ ఖనిజాలతో జరిగే మార్పిడి వల్ల పొటాషియంతో పోలిస్తే సోడియం వాటా తగ్గుతుంది. మెగ్నీషియం మాత్రం ఖనిజాల్లో చేరిపోయి, నీటిలో నామమాత్రంగా మిగులుతుంది. ఇలాంటి లెక్కలతోనే పుగా అడుగున 200 డిగ్రీలకు మించిన వేడి ఉండవచ్చని అంచనా వేశారు.

పైకి వచ్చే దారిలో చన్నీళ్లు కలిస్తే ఈ లెక్క తప్పదా అన్నది న్యాయమైన అభ్యంతరం. సిలికా లెక్క నిజంగానే తప్పుతుంది, ఎందుకంటే అది గాఢత మీద నడుస్తుంది. సోడియం, పొటాషియంల నిష్పత్తి మాత్రం అంత సులువుగా చెదరదు. అందుకే రెండు లెక్కలూ పొసగకపోవడం కూడా విలువైన సమాచారమే. మెగ్నీషియం ఎక్కువగా ఉంటే కలయికను అనుమానించాలి. 1988లో భూరసాయన శాస్త్రవేత్త గిగెన్‌బాక్ ప్రతిపాదించిన సోడియం-పొటాషియం-మెగ్నీషియం త్రిభుజ పటం ఈ పరీక్షకే. ఏ ఒక్క అంకెనో నమ్మి బోరు వేయడం నా దృష్టిలో తొందరపాటు. బోరు దిగుతున్నప్పుడు డ్రిల్లింగ్ బురద నమూనాను కలుషితం చేస్తుంది కనుక, బావిని బాగా పారించాకే నీరు పట్టాలి. సిలికా వేడి మార్పుకు త్వరగా స్పందిస్తుంది, సోడియం-పొటాషియం నిష్పత్తి నెమ్మదిగా మారుతుంది. లోతు పెరిగేకొద్దీ సిలికా చూపే ఉష్ణోగ్రత రెండోదానికి దగ్గరవుతుంటే, వేడి జలపొర సమీపిస్తోందనడానికి అది బలమైన సూచన.