కయోటీ జాడ, గాలివాలు

నెబ్రాస్కా తూర్పు భాగంలోని మా ఊరు దాటగానే మొక్కజొన్న పొలాలు మొదలవుతాయి. శీతాకాలపు రాత్రులలో అక్కడినుండి వినవచ్చే అరుపులను మన సంఘంలోని పెద్దలు నక్కల ఊళ అనే అంటారు. అది పూర్తిగా పొరపాటు కాదు. మన ఊళ్ళలో ఊళవేసే నక్కా, ఈ కయోటీ రెండూ కానిస్ ప్రజాతికి చెందిన దగ్గరి చుట్టాలే. 1823లో థామస్ సే దీనికి కానిస్ లాట్రాన్స్, అనగా మొరిగే కుక్క, అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆయన వర్ణించిన జంతువు దొరికినది ఇక్కడికి దగ్గరలోనే, ఒమాహాకు ఉత్తరాన మిస్సోరి నది ఒడ్డున.

నాకు దీనితో పరిచయం ఒక గొర్రెల రైతు వలన కలిగినది. ఒక వసంతంలో ఆయన పదకొండు గొర్రెపిల్లలను పోగొట్టుకున్నాడు. నేను రసాయన శాస్త్రజ్ఞుడనని విని, "డాక్టరు గారూ, మీ దగ్గర దీనికేదైనా మందున్నదా?" అని సగం నవ్వుతూ అడిగాడు. మందు లేకపోలేదు. 1080 అని పిలువబడే సోడియం ఫ్లోరోఅసిటేటును పశ్చిమ రాష్ట్రాలలో విస్తారంగా పెట్టిన కాలమొకటి కలదు. శరీరంలో అది ఫ్లోరోసిట్రేటుగా మారి, అకోనిటేజ్ అనే ఎంజైమును స్తంభింపజేస్తుంది. దానితో కణాలకు శక్తినిచ్చే సిట్రిక్ ఆమ్ల చక్రం ఆగిపోతుంది. అయితే ఆ చక్రం కయోటీలోనూ, కాపలా కుక్కలోనూ, గద్దలోనూ ఒక్కటే. అందుచేతనే 1972లో నిక్సన్ ఉత్తర్వుతో సమాఖ్య ప్రభుత్వ భూములలో ఇటువంటి విషాలను నిలిపివేశారు. ఇది చెప్పగా ఆయన, "అయితే తెల్లవారుజామున నాతో రండి" అన్నాడు.

నేను వేట అనగా పిలవడమూ, కాల్చడమూ అనుకున్నాను. ఆయనకు మాత్రం పనిలో ముప్పాతిక జాడ తీయడమే. జాడ తీయడం చచ్చిన గొర్రెపిల్లతో మొదలవుతుంది. మెడవద్ద చర్మం ఒలిచి చూడాలి. కయోటీ సాధారణంగా గొంతు పట్టి చంపుతుంది. పంటి గాట్ల క్రింద రక్తం గూడుకట్టి ఉంటే, కరిచే సమయానికి పిల్ల బ్రతికి ఉన్నదన్నమాట. రక్తం చెదరనిచో అది ముందే చచ్చినది, కయోటీ తరువాత వచ్చి తిన్నది. ఆయన పదకొండింటిలో నాలుగు ఈ రెండవ తెగవని తేలినది. చలికి చచ్చిన వాటి నేరం కూడా కయోటీ ఖాతాలో పడుతున్నదన్నమాట!

తరువాత కంచెల వెంబడి, వాగు దాటే చోట్ల, కంకరబాటల మీద పాదముద్రలు, మలం వెదకాలి. మలాన్ని నేను ఇంటికి తెచ్చి (చేతి తొడుగులు తప్పనిసరి, అందులో ప్రమాదకరమైన బద్దెపురుగు గుడ్లు ఉండవచ్చును) జల్లెడలో కడిగి చూశాను. ఉత్తరపు వాగు దగ్గరివాటిలో పొలం ఎలుకల వెంట్రుకలు, ఎముకలు, మొక్కజొన్న గింజలు కనిపించినవి. దక్షిణాన పాడుబడిన ఇంటి దగ్గరివాటిలో ఉన్ని. మలంలో ఉన్ని ఉన్నంత మాత్రాన హత్య రుజువు కాదు; కళేబరం తిన్నా ఉన్ని వస్తుంది. కాని గొంతు కొరికిన పిల్లలు కూడా దక్షిణపు కంచె ప్రక్కనే దొరికాయి.

రాత్రివేళ ఆయన అడ్డరోడ్ల కూడలిలో నిలిచి ఊళను అనుకరించి ఊదేవాడు. బదులు ఏ దిక్కునుండి వచ్చినదో రెండు చోట్లనుండి గుర్తించి, పటం మీద గీతలు గీసి, అవి ఖండించుకున్న చోట చుక్క పెట్టేవాడు. రెండు కయోటీలు స్వరాలు మార్చి మార్చి అరిస్తే నాలుగైదున్నట్లు వినిపిస్తుంది కనుక లెక్క చెవితో కట్టరాదు. చివరకు తేలినది రెండు జంటలు: ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి.

ఇక పిలుపు. ఫిబ్రవరి తెల్లవారుజామున, కొయ్యకాళ్ళ చేను అంచున కూర్చున్నాము. నేల చల్లబడి పైగాలి వెచ్చగా ఉండే ఆ వేళ ధ్వని తరంగాలు క్రిందికి వంగి, పగటికంటె చాలా దూరం పోతాయి. ఆయన ఈల నోట పెట్టుకొని, ఆపదలో చిక్కిన కుందేలు కీచుమనే ధ్వనిని మొదట మెల్లగా, పిదప హెచ్చుగా అర నిమిషం ఊది ఆగాడు. అర మైలు దూరాన్ని కయోటీ గంటకు 40 కిలోమీటర్ల పరుగున 72 సెకన్లలో దాటగలదు. కాని అది తిన్నగా రాదు. చుట్టూ తిరిగి గాలివాలుకు చేరి, వాసన చూచి గాని నమ్మదు. అందుకే ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి, గాలివాలు వైపు చూపు నిలపాలి.

అది వచ్చినది. నూరు గజాలలో ముక్కెత్తి, మరుక్షణం మాయమైనది. ఆయన నా తల వైపు చూశాడు. కొబ్బరినూనె! దాని వాసనకు మూలమైన లాక్టోనుల ఆవిరి పీడనం ఆ చలిలో అతి స్వల్పమని నేను వాదించవచ్చును గాని, ఆ ముక్కుకు మన పట్టికలతో పని లేదు. నూనె లేకున్నా ఒట్టి మనిషి వాసనే చాలునట.

రెండు వారాల తరువాత, తల శుభ్రంగా కడుక్కొని, ప్రక్కగాలికి కూర్చున్నప్పుడు, దక్షిణపు మగది తుపాకికి చిక్కినది. రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఉత్తరపు జంటను కూడా పిలవవచ్చును కదా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఆ జంటకు గొర్రె అలవాటు లేదు, పైగా ఆ నేలలోకి ఇతర కయోటీలను రానివ్వదు. దానిని చంపితే ఖాళీ అయిన చోటికి ఎటువంటిది వస్తుందో ఎవరికి తెలుసు? ఆయన అనుభవంతో చెప్పినదానికి శాస్త్రంలో ఆధారం కలదు. గొర్రెలను ఎక్కువగా చంపేవి పిల్లలను సాకే జంటలని వయోమింగ్, యూటా పరిశోధనలు చూపినవి. యూటాలో 2001లో ప్రకటించిన అధ్యయనంలో, సంతానం కలుగకుండా శస్త్రచికిత్స చేసిన జంటలు తమ నేలను విడువలేదు, గొర్రెపిల్లలను మాత్రం తక్కువగా చంపాయి. విస్తారంగా చంపిన చోట ఈతకు పుట్టే పిల్లల సంఖ్య పెరుగుతుందని టెక్సస్‌లో ఫ్రెడ్ నోల్టన్ 1972లోనే వ్రాశాడు.

ఆ వసంతంలో ఆయన కోల్పోయిన పిల్లలు మూడు. ఒక్క సంవత్సరపు లెక్క ఏమీ నిరూపించదు, అందులోనూ ఆ ఏడు చలి తక్కువ. ఉత్తరపు వాగు వైపు మాత్రం ఆయన ఈనాటికీ ఈల ఊదలేదు.