ఆయిల్ మార్చాక వీడర్ పొగ కక్కుతోందా? ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి

కలుపు మందు కొట్టని మనలాంటి వాళ్లకు వానాకాలంలో పవర్ వీడర్ ఇంట్లో ఇంకో మనిషి లాంటిది. వాన వెలిసి నేల పదునుకొచ్చిన నాలుగైదు రోజుల్లో సాళ్ల మధ్య కలుపు తిరగేస్తే సరే. ఆ రోజులు దాటిపోతే కూలీలను వెతుక్కోవాల్సిందే. అలాంటప్పుడు బండి షెడ్డులో ఉంటే ఆ బాధ ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు.

ఆయిల్ ఇంట్లోనే మార్చుకునే వాళ్లు ఇప్పుడు బాగా పెరిగారు. మంచిదే, పెద్ద పనేం కాదు. కానీ మార్చిన మర్నాడే "అన్నా, తెల్లపొగ వస్తోంది", "తాడు లాగలేకపోతున్నాం", "కింద కారుతోంది" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నిన్నటిదాకా బాగున్న ఇంజిన్ ఆయిల్ మార్చాక మొరాయిస్తే, ముందు మనం చేసిన పనిలోనే తప్పు వెతకాలి. ఇంజిన్ విప్పడం ఆఖరి మాట.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

నేను చేసిన తప్పు

నాది 7 హెచ్‌పీ పెట్రోల్ వీడర్. ఇంజిన్‌లో పట్టే ఆయిల్ 600 మిల్లీలీటర్లు. మొదటిసారి ఇంట్లో మార్చిన రోజున బండిని షెడ్డు ముందు ఆపి, కింద కనిపించిన బోల్టు విప్పేశాను. ఆయిల్ తేనెలా చిక్కగా, ఘాటు వాసనతో దిగింది. లీటరు పైనే వచ్చింది. "బాగానే దిగిందిలే" అనుకున్నాను. బోల్టు బిగించి కొత్త ఆయిల్ పోస్తే 400 దాకా పోయి ఆగిపోయింది. "పాతది కొంచెం లోపల ఉండిపోయినట్టుంది" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

600 పట్టే ఇంజిన్‌లోంచి లీటరు ఎలా వచ్చింది? ఖాళీ అయిన ఇంజిన్‌లో 400 పోయగానే ఎందుకు నిండింది? డిప్లొమా చదివినవాణ్ణి, ఆ చిన్న లెక్క కూడా వేసుకోలేదు.

మర్నాడు పసుపు చేలో స్టార్ట్ చేస్తే తాడు బరువుగా వచ్చింది. తర్వాత తెల్లటి పొగ. పక్క చేను పిన్ని "ఏంట్రా, చెత్త తగలబెడుతున్నావా?" అని కేకేసింది. పది నిమిషాలకు ఇంజిన్ ఆగిపోయింది. ఎయిర్ ఫిల్టర్ మూత తీస్తే లోపల ఆయిల్ కారుతోంది. ఆగేముందు గేర్ల దగ్గర గరగరమని శబ్దం కూడా విన్నాను.

మండల కేంద్రంలో పాత మెకానిక్ ఒకాయన ఉన్నారు. బాబాయ్ అని పిలుస్తాను. ఫోన్ చేస్తే ఆయన బండి గురించి ఏమీ అడగలేదు. "అబ్బాయ్, ఏ బోల్టు విప్పావు? ఎంత దిగింది? ఎంత పోశావు?" ఇవే మూడు ప్రశ్నలు. చెప్పగానే, "నువ్వు దించింది గేర్ బాక్స్ ఆయిల్ నాయనా. ఇంజిన్‌లో పాతది అలాగే ఉంది, దాని మీద కొత్తది పోశావు. ఇక తాడు ముట్టుకోకు" అన్నారు.

అదీ జరిగింది. బండి వెనక్కి వాలి ఉండటంతో ఆయిల్ పోసే రంధ్రం పైకి లేచింది. అందుకే నిండిన ఇంజిన్‌లోకి ఇంకో 400 దిగింది. గేర్లేమో ఆయిల్ లేకుండా తిరిగాయి. సామాన్లు తెచ్చి సరిచేసుకునేసరికి మూడు రోజులు పోయాయి. నాలుగో రోజు మళ్లీ వాన. ఆ మడిలో కలుపు మొత్తం చేత్తోనే తీయించాను. గేర్లు బతికాయి గానీ రివర్స్ వేస్తే ఇప్పటికీ చిన్న గరగర ఉంది. వీడియో మొదట్లో వినిపించే శబ్దం అదే.

చిన్న ఇంజిన్‌కు కొలత ఎందుకంత ముఖ్యం?

కారు ఇంజిన్‌లో ఆయిల్ పంపు, ఫిల్టర్ ఉంటాయి. మన వీడర్లలో వాడే ఇలాంటి చిన్న పెట్రోల్ ఇంజిన్లలో ఎక్కువ వాటికి ఆ రెండూ ఉండవు. కనెక్టింగ్ రాడ్డు అడుగున చిన్న గరిటె లాంటిది ఉంటుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు అది ఆయిల్‌లో మునిగి లేచి, లోపలంతా చిమ్ముతుంది. అంతే ఏర్పాటు.

ఆయిల్ తగ్గితే ఆ గరిటెకు అందదు, ఇంజిన్ పట్టేస్తుంది. ఎక్కువైతే మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. నురగ సరిగ్గా పూత పట్టదు. పైగా గాలి పోయే గొట్టం ద్వారా ఎయిర్ ఫిల్టర్‌లోకి తన్నుకొస్తుంది. అక్కడి నుంచి కార్బురేటర్ గుండా సిలిండర్‌లోకి వెళ్లి కాలుతుంది. మనకు కనిపించే పొగ అదే. అందుకే "ఎక్కువుంటే మంచిదేలే" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

లక్షణాన్ని బట్టి ఏం చూడాలి?

ఏది చూడాలన్నా ముందు ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, పెట్రోల్ కాక్ కట్టేసి, ప్లగ్గు క్యాప్ ఊడదీయండి. బండిని సమంగా నిలబెట్టండి. వీడర్ సహజంగా వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి కింద చెక్కముక్క పెట్టాల్సి రావచ్చు.

1. తెల్లపొగ లేదా నీలిపొగ: పోసేటప్పుడు సైలెన్సర్ మీద చిందిన ఆయిల్ కాలితే కాసేపు పొగ వచ్చి ఆగిపోతుంది, భయం లేదు. ఆగకుండా వస్తుంటే ఆయిల్ ఎక్కువైనట్టు చూడండి. నా ఇంజిన్ లాంటి వాటిలో సమంగా ఉన్నప్పుడు ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉండాలి. స్టిక్కును తుడిచి, మర తిప్పకుండా ఊరికే పెట్టి తీసి చూడాలి. కొన్ని కంపెనీల ఇంజిన్లకు మర తిప్పి చూడమని ఉంటుంది. మీ పుస్తకంలో ఎలా ఉంటే అలా చేయండి. ఎక్కువుంటే డ్రెయిన్ బోల్టు వదులు చేసి అదనపుది దించేయండి.

2. ఎయిర్ ఫిల్టర్‌లో ఆయిల్: స్పాంజి అయితే గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి, బాగా ఆరబెట్టి, కొద్దిగా ఇంజిన్ ఆయిల్ రాసి గట్టిగా పిండి పెట్టండి. కాగితం ఫిల్టర్ ఆయిల్‌లో తడిస్తే కొత్తది వేయాల్సిందే. కింద గిన్నె ఉండే ఆయిల్ బాత్ ఫిల్టర్ అయితే గిన్నె మీద గీత చూడండి. ఆ గీత దాటి పోసినా ఇదే పొగ వస్తుంది.

3. తాడు కదలకపోవడం: బలం పెట్టి లాగకండి. బండిని తప్పు వైపుకు వాల్చినప్పుడు ఆయిల్ సిలిండర్‌లోకి చేరి ఉండొచ్చు. స్విచ్ ఆఫ్‌లో ఉంచి, ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద పాత గుడ్డ కప్పి, మొహం పక్కకు పెట్టి తాడును నెమ్మదిగా నాలుగైదుసార్లు లాగండి. లోపలున్నది బయటికొస్తుంది. దగ్గర్లో బీడీ, మంట ఉండకూడదు. ప్లగ్గు తుడిచి, ఆరాక బిగించండి. ఇంజిన్‌ను వాల్చాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వాల్చండి.

4. బోల్టు దగ్గర కారడం: వాషర్ పాతబడి ఉంటుంది, లేదా మధ్యలో ఇసుక రేణువు పడి ఉంటుంది. తీసి తుడిచి కొత్త వాషర్ వేయండి. పానా మీద ఎక్కి బిగించొద్దు. బోల్టు ఇనుము, ఇంజిన్ బాడీ అల్యూమినియం. మర పోతే ఖర్చు పెద్దది.

5. స్టార్ట్ కాకపోవడం, వాలులో ఆగిపోవడం: కొన్ని ఇంజిన్లలో ఆయిల్ తగ్గితే దానంతట అదే ఆపేసే సెన్సర్ ఉంటుంది. కార్బురేటర్ విప్పే ముందు స్టిక్కు చూడండి.

6. పోసిన దానికన్నా ఆయిల్ పెరగడం, పెట్రోల్ వాసన: కాక్ కట్టకుండా వదిలేస్తే కార్బురేటర్ ఫ్లోట్ దగ్గర సూది సరిగ్గా మూయక పెట్రోల్ లోపలికి దిగుతుంది. పలచబడ్డ ఆయిల్‌తో ఒక్క నిమిషం కూడా నడపొద్దు. మొత్తం దించి, కార్బురేటర్ బాగు చేయించి, కొత్తది పోయండి.

7. పాలు కలిపిన టీ రంగు: నీళ్లు కలిశాయి. వానలో వదిలేసినా, పైపుతో గట్టిగా కడిగినా ఇలా అవుతుంది. దించి కొత్తది పోసి, కాసేపు నడిపి మళ్లీ రంగు చూడండి. తెలుపు కనిపిస్తే మళ్లీ మార్చండి.

8. గేర్ల దగ్గర కొత్త శబ్దం: నేను చేసిన తప్పే మీరూ చేశారేమో చూడండి. గేర్ బాక్స్‌కు వేరే ఆయిల్, వేరే బోల్టు. డబ్బా మీద 90 అని ఉన్న గేర్ ఆయిల్, 40 అని ఉన్న ఇంజిన్ ఆయిల్ ఒకే కొలమానంలోవి కావు. ఒకదాని బదులు ఇంకోటి పోయొద్దు.

ఈసారి మార్చేటప్పుడు

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఇంజిన్ బోల్టుకు ఎర్ర రంగు, గేర్ బాక్స్ బోల్టుకు పసుపు రంగు పూశాను. ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి, ఆపి, గోరువెచ్చగా ఉండగా దించుతాను. మురికి కూడా బాగా దిగుతుంది. దిగింది కొలత గీతలున్న డబ్బాలో పడుతుంది. 600 దగ్గర్లో వస్తేనే ముందుకెళ్తాను. బాగా తక్కువొస్తే ఇంజిన్ తాగేస్తోందా, కారుతోందా అని చూస్తాను. ఎక్కువొస్తే అక్కడే ఆగిపోతాను. పోసేటప్పుడు 500 పోసి స్టిక్కు చూసి, మిగతాది కొద్దికొద్దిగా పోస్తాను. మూడు నిమిషాలు నడిపి, ఆపి, కాసేపాగి మళ్లీ స్టిక్కు చూస్తాను. తేదీ, గంటలు, దిగింది, పోసింది గోడ మీద రాసుకుంటాను.

నా ఇంజిన్‌కు మొదటి 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు మార్చమని పుస్తకంలో ఉంది. దుమ్ములో ఎక్కువ నడుస్తుంది కాబట్టి నేను 50 గంటలకే మారుస్తున్నాను. ఆయిల్ గ్రేడు మాత్రం పక్కింటి వాళ్లది చూసి కాదు, మీ పుస్తకంలో ఉన్నదే.

పాత ఆయిల్ నేల మీద పోయొద్దు

ఆ రోజు దించిన గేర్ ఆయిల్లో కొంత ఒలికి జీవామృతం డ్రమ్ము దాకా పాకింది. తడిసిన మట్టినంతా తవ్వి సంచిలోకి ఎత్తేశాను. వానపాముల కోసం ఏళ్లుగా కష్టపడి, వాటి నెత్తిన మనమే ఆయిల్ పోస్తే ఎలా?

మన ఊళ్లలో పాత ఆయిల్‌ను చెదలు పట్టకుండా గుంజలకు పూయడం, గట్టు మీద గడ్డి చావాలని పోయడం మామూలే. వాడిన ఆయిల్లో అరిగిన లోహపు పొడి, కాలిన మసి ఉంటాయి. వానకు అవి చేలోకే దిగుతాయి. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందకే వస్తుంది. మూత గట్టిగా ఉండే క్యానులో పోసి, పిల్లలకు అందకుండా పెట్టి, నిండాక సేకరణకు ఇచ్చే సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి. ఒలికిన చోట రంపపు పొట్టు చల్లి ఎత్తేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

బోల్టులు ఎక్కడుంటాయి, స్టిక్కు ఎలా చూడాలి అనేవి వీడియోలో దగ్గరగా చూపించాను. మీ బండికి కాస్త తేడా ఉండొచ్చు. బోల్టు ఏదైనా బాబాయ్ ప్రశ్నలు మాత్రం అవే: ఏ బోల్టు విప్పాను, ఎంత దిగింది, ఎంత పోశాను? జవాబులు కుదరకపోతే తాడు ముట్టుకోకండి. ఉంటాను మరి, పదును పోకముందే నాకూ రెండు మడులు మిగిలి ఉన్నాయి.