మెమరీ కార్డులో ఎన్ని పాఠాలు పడతాయి?

పోయిన ఏడాది దాతలు ఇచ్చిన సొమ్ములోంచి శేరిగూడ సాయంత్రం తరగతికి ఇరవై చిన్న ఎంపీ3 ప్లేయర్లు కొన్నాము. అరచేతిలో పట్టేంత డబ్బా, ముందు స్పీకరు, పక్కన మెమరీ కార్డు దూర్చే సందు, వెనక పాత బటన్ ఫోన్లలో వేసే రకం బ్యాటరీ. పోయిన సావనీరులో వాటి ఫొటో కూడా వేశాము. ఆ ఫొటో తర్వాత ఏం జరిగిందో, అందులో మా పొరపాటు ఎంతో సొమ్ము ఇచ్చినవారికి చెప్పవలసి ఉంది. లెక్క ఒప్పజెప్పేటప్పుడు కొంత పాఠం కూడా తప్పదు. ముప్పై ఏళ్లు బోర్డు ముందు నిలబడ్డవాళ్లం, ఓపిక పట్టండి.

ముందుగా, ఫోన్లుండగా ప్లేయర్లెందుకని కొందరు అడిగారు. మా సాయంత్రం తరగతికి వచ్చేవాళ్లు చాలామంది బడి మధ్యలో మానేసి ఓపెన్ స్కూల్లో పదో తరగతి కడుతున్న ఆడపిల్లలు. ఇంట్లో ఉండే ఒక్క ఫోను పొద్దున్నే తండ్రితోనో అన్నతోనో ఇబ్రహీంపట్నం అడ్డాకు పోతుంది, రాత్రికి గానీ రాదు. పగలంతా ఈ పిల్లలు చీరలకు ఫాల్స్ కుడతారు, పీకో చేస్తారు, చిన్న పిల్లల్ని ఆడిస్తారు. చేతులు ఖాళీగా ఉండవు, చెవులు ఖాళీగానే ఉంటాయి. అందుకని టీచర్లమంతా కూర్చొని తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ పాఠాలు చదివి రికార్డు చేశాము. ఒక్కో పాఠాన్ని నాలుగేసి నిమిషాల ముక్కలుగా కోశాము. మొత్తం మూడు వందల పది ముక్కలయ్యాయి.

ఇక్కడ కొంచెం పొదుపు బుద్ధి చూపించాము. ఇరవై కార్డులూ కొనడం ఎందుకని, ఇళ్లలో పాత ఫోన్లలో పడి ఉన్న 2 జీబీ కార్డులు అడిగితే పన్నెండు దొరికాయి. మిగిలిన ఎనిమిదీ కొత్తవి, 8 జీబీవి కొన్నాము. ముందు ఒక కొత్త కార్డులో పాఠాలు ఎక్కించి, మొదటి నుంచి చివరి దాకా వచ్చాయని చూసుకొని, మిగతావి ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాము. పాత కార్డుల దగ్గర కంప్యూటరు మధ్యలో ఆగి, ఫైలు తయారు చేయలేకపోతున్నానని ఒక పెట్టె చూపించింది. కార్డు పాతది కదా, మొరాయిస్తోందనుకొని దాటవేసే బటన్ నొక్కాము. పన్నెండు కార్డులకూ అదే నొక్కాము.

పరీక్షలు పదహారు రోజులున్నాయనగా ఒక అమ్మాయి మగ్రిబ్ తర్వాత వచ్చి మెల్లగా అడిగింది. "సార్, సోషల్ పాఠాలు మీరు ఇంకా చదవలేదా?" చదివి మూడు నెలలైంది. ఆమె ప్లేయరు తీసుకొని కార్డును కంప్యూటరుకు పెట్టి చూస్తే ఉన్నవి సుమారు నూట నలభై ఫైళ్లు. తెలుగు ఉంది, ఇంగ్లీషు ఉంది, లెక్కలు సగం దాకా ఉన్నాయి. సైన్సు లేదు, సోషల్ లేదు. కార్డులో మాత్రం ముప్పాతిక భాగానికి పైగా ఖాళీ. మరి అన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా అంటే, టీచర్లు నెలకింత అని ఎక్కిస్తారేమో అనుకున్నానంది. మిగతా పదకొండు మందీ అలాగే అనుకున్నారు.

ఖాళీ ఉండగా ఎందుకు పట్టలేదన్నదే ఈ వ్యాసంలో అసలు పాఠం.

క్యాసెట్ల కాలంలో ఈ చిక్కు లేదు. అరవై నిమిషాల క్యాసెట్టు అంటే అటు ముప్పై, ఇటు ముప్పై. టేపు అయిపోవడం కంటికి కనిపించేది. ఎంపీ3 వచ్చాక నిడివి పోయి బరువు వచ్చింది. 1998లో వచ్చిన రియో అనే ప్లేయరులో ఉన్నది 32 ఎంబీ, అంటే మామూలు నాణ్యతలో అరగంట పాటలు. 2001 అక్టోబరులో ఆపిల్ కంపెనీ మొదటి ఐపాడ్‌ను వెయ్యి పాటలు జేబులో పెట్టుకోవచ్చని చెప్పి అమ్మింది. దాని సామర్థ్యం 5 జీబీ. ఆ వెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో మన పిల్లలతో కూడా చేయించవచ్చు. పాటకు నాలుగు నిమిషాలు, సెకనుకు 160 కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 20 కిలోబైట్లు. 240 సెకన్లకు 4,800, అంటే 4.8 ఎంబీ. వెయ్యి పాటలకు 4.8 జీబీ. అప్పటి నుంచి డబ్బా మీద జీబీ చూసి పాటలు లెక్కపెట్టడం అందరికీ అలవాటైంది, మాకు కూడా.

మా పాఠాలు మాట మాత్రమే, సంగీతం కాదు. సెకనుకు 64 కిలోబిట్లు చాలు. నాలుగు నిమిషాల ముక్క రెండు ఎంబీ లోపే. మూడు వందల పది ముక్కలకు 600 ఎంబీ. 2 జీబీ కార్డులో మూడో వంతు కూడా నిండకూడదు. బరువు లెక్క తప్పలేదు. తప్పిన లెక్క వేరే ఉంది.

ప్రతి మెమరీ కార్డులో ఫైళ్లతో పాటు ఫైళ్ల పేర్లు రాసుకునే ఒక రిజిస్టరు ఉంటుంది. బళ్లో హాజరు పట్టీ లాంటిదే. 2 జీబీ వరకు ఉన్న పాత కార్డులు సాధారణంగా ఫ్యాట్16 అనే పద్ధతిలో వస్తాయి. ఆ పద్ధతిలో కార్డు మొదటి పేజీ రిజిస్టరులో మామూలుగా 512 గీతలే. ఒక గీత కార్డు పేరుకు పోతే 511. తరగతి గదిలో ఎన్ని బెంచీలు ఖాళీగా ఉన్నా హాజరు పట్టీలో గీతలు అయిపోతే కొత్త పిల్లవాడి పేరు రాయలేము కదా, అదే ఇక్కడ జరిగింది.

మరి 511 గీతల్లో మూడు వందల పది పేర్లు పట్టాలి కదా? ఇక్కడే తెలుగు వచ్చింది. పాత కంప్యూటర్లలో ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎనిమిది, చుక్క తర్వాత మూడు, అంతే. ఆ పేరు ఒక్క గీతలో పడుతుంది. 1995లో విండోస్ 95తో పొడుగు పేర్లు వచ్చినప్పుడు పాత రిజిస్టరును మార్చకుండా, పొడుగు పేరును పదమూడేసి అక్షరాల ముక్కలు చేసి అదనపు గీతల్లో రాసే ఏర్పాటు చేశారు. తెలుగు పేరు ఎంత చిన్నదైనా ఆ పాత పద్ధతిలో ఇమడదు, అదనపు గీత కావలసిందే. పైగా కంప్యూటరు గుణింతాన్ని, ఒత్తును, సున్నను విడివిడిగా లెక్కపెడుతుంది. 'శాస్త్రం' అంటే మనకు రెండక్షరాలు. దానికి ఎనిమిది.

మేము పెట్టిన పేరు చూడండి: 'సాంఘిక శాస్త్రం-పాఠం 12-భాగం 3'. పిల్లలకు అర్థం కావాలని శ్రద్ధగా పెట్టుకున్నాము. చివర చుక్క, ఎంపీ3 అన్న నాలుగు గుర్తులతో కలిపి కంప్యూటరు లెక్కలో ముప్పై నాలుగు. పదమూడు చొప్పున మూడు గీతలు, అసలు గీత ఒకటి, వెరసి నాలుగు. అన్ని పేర్లూ ఇలాంటివే అయితే 511 గీతలకు 127 ఫైళ్లు. తెలుగు పాఠాల పేర్లు కొంచెం పొట్టివి, మూడేసి గీతలతో సరిపోయాయి కాబట్టి బండి నూట నలభై దాకా నడిచింది. కొత్త 8 జీబీ కార్డులు ఫ్యాట్32 పద్ధతివి. వాటి రిజిస్టరులో ఒక్కో పేజీకి 65 వేలకు పైగా గీతలు పడతాయి. మేము పరీక్షించింది ఆ కార్డునే.

అయితే పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోండి అని ఒక కుర్రవాడు సలహా ఇచ్చాడు. అవసరం లేకపోయింది. 512 గీతల పరిమితి కార్డు మొదటి పేజీకే. ఫోల్డరు చేసి అందులో పెడితే ఆ ఫోల్డరుకు సొంత రిజిస్టరు ఉంటుంది, అది అవసరాన్ని బట్టి పెరుగుతుంది. ఐదు సబ్జెక్టులకు ఐదు ఫోల్డర్లు చేసి మళ్లీ ఎక్కిస్తే అవే పాత కార్డుల్లో మూడు వందల పదీ పట్టాయి. ఒక్క పైసా ఖర్చు కాలేదు. పట్టిన సమయం ఒక్కో కార్డుకు పావుగంట.

దీనితో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది వరస. 1, 2, 3 అని పేర్లు పెడితే, పేరును బట్టి వరస పెట్టే ప్లేయరు 1 తర్వాత 10, 11 పాడి అప్పుడు 2కు వస్తుంది. అందుకే 001, 002 అని పెట్టాలి. చౌక ప్లేయర్లు కొన్ని పేరే చూడవు, కార్డులోకి ఏది ముందు ఎక్కితే అది ముందు. కాబట్టి వరసగా ఎక్కించడం కూడా ముఖ్యమే.

రెండోది ప్లేయరుకు సొంతంగా ఉండే పరిమితి. కార్డు ఎంత పెద్దదైనా, స్విచ్ వేయగానే ప్లేయరు ఫైళ్లన్నీ లెక్కపెట్టి తన చిన్న జ్ఞాపకంలో పట్టీ రాసుకుంటుంది. ఆ జ్ఞాపకం నిండితే తర్వాతివి దానికి లేనట్టే. మా ప్లేయరుతో వచ్చిన కాగితంలో చిన్న అక్షరాల్లో 999 అని ఉంది. అద్దం మీద కనిపించేవి మూడంకెలే మరి. పాఠాలకు ఆ 999 చాలు. కానీ ఇదే రకం ప్లేయరు ఒక దాత తన తరఫున పెద్దలకు ఖుర్ఆన్ పారాయణం వినడానికి పంచారు. 114 సూరాలను 114 ఫైళ్లుగా పెడితే చిక్కు లేదు, 30 పారాలుగా పెడితే అసలే లేదు. ఎక్కించిన పిల్లవాడు ఆయత్‌కొక ఫైలు ఉన్న రకం తెచ్చాడు. మొత్తం 6,236. 999 దగ్గర ఆగితే ఎక్కడికి వస్తుందో లెక్క చూశాము: 7, 286, 200, 176, 120, 165 కలిపితే 954. ఏడో సూరా అల్ ఆరాఫ్‌లో 45వ ఆయత్. అక్కడ ఆగి మళ్లీ అల్ ఫాతిహాకు వచ్చేది. ఒక ముసలాయన నెల రోజులు అలాగే విని, మిగతాది ఎప్పుడొస్తుంది బేటా అని అడిగాడట.

ముక్కలు కలిపితే సంఖ్య తగ్గుతుంది, నిజమే. కానీ గంట నిడివి ఫైలు చేస్తే ఇంకో ఇబ్బంది. ఇలాంటి ప్లేయర్లలో చాలావాటికి ఆపిన చోటు గుర్తుండదు, మళ్లీ మొదటికే పోతాయి. వంటకు లేచి వచ్చిన పిల్ల మళ్లీ మొదటి నుంచి వినదు. నాలుగు నిమిషాలు మరీ చిన్నవి, గంట మరీ పెద్దది. పన్నెండు, పదిహేను నిమిషాలు మంచిదని ఇప్పుడు మా అభిప్రాయం. ఈ ఏడు అలాగే కలిపాము, ఫైళ్లు నూటికి లోపే తేలాయి.

ఈ విషయం సమావేశంలో చెప్పినప్పుడు ఒక పెద్దమనిషి వెంటనే ఇరవై 32 జీబీ కార్డులు ఇప్పిస్తానన్నారు. మంచి మనసుతో అన్న మాట. మేము వద్దన్నాము. 600 ఎంబీ పాఠాలకు 32 జీబీ దండగ. అదీగాక కార్డులు చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ తరాలు వేరు. 2 జీబీ వరకు ఎస్‌డీ, ఆపైన 32 వరకు ఎస్‌డీహెచ్‌సీ, ఇంకా పైన ఎస్‌డీఎక్స్‌సీ. పాత తరానికి చేసిన ప్లేయరులో కొత్త తరం కార్డు చక్కగా దూరుతుంది, కానీ ప్లేయరు దాన్ని చదవలేదు. మీలో ఎవరైనా సొంతంగా ప్లేయర్లు పంచదలిస్తే డబ్బా మీద జీబీ ఒక్కటే చూడకండి. ఎంత వరకు కార్డు తీసుకుంటుంది, ఎన్ని ఫైళ్లు చదువుతుంది, ఆపిన చోటు గుర్తుంచుకుంటుందా, ఈ మూడూ దుకాణంలోనే అడగండి. ఒకటి కొని, పిల్లలకు ఇవ్వబోయే కార్డునే అందులో పెట్టి, చివరి ఫైలు మోగిందాకా విని, అప్పుడు మిగతావి కొనండి. కోఠీ గుజరాతీ గల్లీకి రెండోసారి పోవలసి వస్తుంది, పోదాం.

32 జీబీ కార్డులకు బదులు ఏం కావాలని ఆ పెద్దమనిషి అడిగారు. మేము చెప్పలేకపోయాము. సోషల్ గురించి అడిగిన అమ్మాయినే అడిగాము. ఇయర్‌ఫోన్లు అంది. కుట్టు మిషను చప్పుడులో స్పీకరు మాట వినపడదట. ఇన్ని రోజులు మిషను ఆపి విని, మళ్లీ తొక్కేదట. అది మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇరవై ఇయర్‌ఫోన్లు వచ్చాయి, పంచాము.

ఆ పన్నెండు మందిలో ముగ్గురికి సోషల్ పోయింది. కార్డు వల్లేనని అనలేము, కాదని అసలే అనలేము. ఈ అమ్మాయి ఆ ముగ్గురిలో ఒకతి. మళ్లీ ఫీజు సొసైటీయే కట్టింది. మొన్న కార్డు తిరిగి ఇస్తుంటే అక్కడే నిలబడి, ఫోల్డరు బటన్ నాలుగుసార్లు నొక్కి, సోషల్ ఫోల్డరులో ఆఖరి ఫైలు దాకా వెళ్లి, అది మోగిన తర్వాత ప్లేయరు సంచిలో వేసుకుంది.