రొమ్ము క్యాన్సర్ వైద్యం: పల్నాడు మహిళలు తరచూ అడిగే ప్రశ్నలు

నరసరావుపేటలో స్కానింగ్, గుంటూరులో ఆపరేషన్, హైదరాబాద్‌లో రెండో సలహా. పల్నాడు జిల్లాలో రొమ్ము క్యాన్సర్ వైద్యం చాలామందికి ఇలా రెండు మూడు ఊళ్ల మీదుగా సాగుతుంది. ఊరు మారినా వైద్యం గాడి తప్పకూడదంటే డాక్టర్లు పాటించాల్సిన పద్ధతి మనకు కాస్త తెలిసుండాలి. జరిగిన ప్రతి పనికీ కాగితం మన చేతిలో ఉండాలి.

1. క్యాన్సర్ వైద్యానికి మార్గదర్శకాలు ఉన్నాయంటారు. అవి ఎవరు రాసినవి?

ఏ పరీక్ష ముందు చేయాలి, ఏ దశలో ఏ చికిత్స ఇవ్వాలి అన్నది పరిశోధనల ఆధారంగా నిపుణులు కూర్చుని రాసుకున్న పద్ధతులే మార్గదర్శకాలు. రొమ్ము క్యాన్సర్‌కు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2016లో ఒక పత్రం తెచ్చింది. ముంబయి టాటా మెమోరియల్ నడిపించే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ 2012లో మొదలైంది. అదీ తన సభ్య ఆస్పత్రుల కోసం మార్గదర్శకాలు ఇస్తోంది. విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్ వాళ్లదే.

2. డాక్టరు వాటిని పాటించకపోతే నేరమా?

కాదు. మార్గదర్శకం చట్టం కాదు. రోగి వయసు, షుగరు, గుండె పరిస్థితి చూసి డాక్టరు వేరే దారి ఎంచుకోవచ్చు. ఎందుకు ఎంచుకున్నారో అడిగే హక్కు మాత్రం మీకుంది. ఆ కారణాన్ని కేస్ షీట్‌లో రాయమని కూడా అడగండి.

3. గడ్డ తగులుతోంది, నొప్పి లేదు. మిరప కోతలయ్యాక చూపించుకుంటే కాదా?

ఆగొద్దు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పుట్టించదు. అలాగని తగిలిన ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, ఎక్కువ గడ్డలు మామూలువే. ఏదన్నది పరీక్షలోనే తేలుతుంది.

గడ్డ లేకపోయినా 30 ఏళ్లు దాటిన మహిళలకు అయిదేళ్లకోసారి ఆరోగ్య సిబ్బంది చేత్తో రొమ్ము పరీక్ష చేయాలని కేంద్రం 2016లో విధానం పెట్టింది. మన రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి ఇంటింటి క్యాన్సర్ సర్వే మొదలైంది. ఏఎన్ఎం అడిగినప్పుడు సిగ్గుపడి పంపేయకండి. ముంబయిలో 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది మహిళలపై చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్లకోసారి ఇలా చేత్తో పరీక్ష చేయించుకున్నవాళ్లలో, 50 ఏళ్లు దాటినవారికి రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని అందులో తేలింది. గడ్డ ముందే తగిలిన మనిషి మాత్రం సర్వే కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి.

4. “చిన్న ఆపరేషనే, గడ్డ తీసేద్దాం” అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ముందు మూడు పరీక్షలు అయ్యాయా చూసుకోండి: డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, సూదితో ముక్క పరీక్ష. పరీక్షలు లేకుండా గడ్డ కోసేస్తే, అది క్యాన్సరని తర్వాత తేలినప్పుడు మళ్లీ ఆపరేషన్ కావాల్సి రావచ్చు. ముందే మందులిచ్చి గడ్డను చిన్నది చేసే అవకాశమూ పోతుంది. సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం వద్దు. ముక్క పరీక్ష అన్ని మార్గదర్శకాల్లోనూ మొదటి మెట్టే.

ఇప్పటికే తీసేసి ఉంటే ఆ ముక్కను ఏ ల్యాబ్‌కు పంపారో కనుక్కోండి. రిపోర్టుతోపాటు స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తీసుకోండి. పెద్దాస్పత్రిలో వాటినే మళ్లీ పరీక్షిస్తారు.

5. రిపోర్టులో ఏమేమి ఉండాలి?

క్యాన్సర్ రకం, గ్రేడ్ ఉండాలి. ఆపరేషన్ అయ్యాక వచ్చే రిపోర్టులో గడ్డ సైజు, కోసిన అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా, చంకలోని ఎన్ని గ్రంథులు చూశారు, ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది అన్నవి కూడా రాయాలి. వీటితోపాటు ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు ఫలితాలు తప్పనిసరి. ఈఆర్, పీఆర్ పాజిటివ్ అయితే టామోక్సిఫెన్ లాంటి మాత్రలు కనీసం అయిదేళ్లు వాడాలి. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. దీనికి మన దేశంలో తయారైన మందు 2014 నుంచి దొరుకుతోంది. హెర్2 దగ్గర “2+” అని ఉంటే తేల్చడానికి ఫిష్ అనే మరో పరీక్ష కావాలి. ఈ మూడూ లేని రిపోర్టు పట్టుకుని చికిత్స మొదలుపెట్టబోతే ఎందుకని అడగండి.

6. రొమ్ము మొత్తం తీయాల్సిందేనా?

తొలి దశలో చాలామందికి అక్కర్లేదు. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా బతికే కాలంలో తేడా లేదని అమెరికా, ఇటలీ అధ్యయనాలు ఇరవై ఏళ్ల ఫలితాలతో 2002లో తేల్చాయి. అయితే రొమ్ము నిలుపుకుంటే రేడియేషన్ మానకూడదు. ఊళ్లో “కరెంటు పెట్టడం” అనేది దీన్నే.

మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్లకు పైనే. అన్నిసార్లు తిరగలేమని కొందరు రొమ్మే తీయించుకుంటారు. ఒకప్పుడు అయిదారు వారాలు పట్టిన రేడియేషన్ ఇప్పుడు చాలామందికి 15 సిట్టింగుల్లో, మూడు వారాల్లో అయిపోతోంది. ఎంచిన కొందరికి అయిదు సిట్టింగులు చాలని 2020లో బ్రిటన్ అధ్యయనం చూపింది. “నాకు ఎన్ని సిట్టింగులు?” అని అడిగాకే నిర్ణయం తీసుకోండి. రొమ్ము తీసేసినా కొందరికి రేడియేషన్ అవసరమవుతుంది.

7. సంతకం భర్త పెడితే చాలదా?

చాలదు. మేజరై, స్పృహలో ఉన్న మహిళ ఒంటి మీద ఆపరేషన్‌కు ఆమె సమ్మతే కావాలి. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఈ సంగతి స్పష్టం చేసింది. పరీక్ష కోసం ఒప్పుకున్న మహిళకు, ఆమె మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భసంచి తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు చెల్లదని కోర్టు తేల్చింది. ప్రాణం మీదకొస్తే తప్ప ముక్క పరీక్షకు పెట్టిన సంతకంతో రొమ్ము తీయకూడదు. “అమ్మకు చెప్పొద్దు” అని పిల్లలు దాచమన్నా, తన జబ్బు సంగతి తెలుసుకునే హక్కు అమ్మదే.

8. ఒకరు ముందు కీమో అంటారు, మరొకరు ముందు ఆపరేషన్ అంటారు. ఏం చేయాలి?

రెండూ మార్గదర్శకాల్లో ఉన్నవే. దశను బట్టి, రకాన్ని బట్టి వరస మారుతుంది. సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని నిర్ణయించే ట్యూమర్ బోర్డుకు మీ కేసు వెళ్లిందా అని అడగండి. తొలి దశలో, లక్షణాలేమీ లేనప్పుడు పెట్ స్కాన్ అందరికీ అక్కర్లేదు. రాస్తే ఎందుకో అడగండి.

రెండో సలహాకు వెళ్లడం మీ హక్కు, డాక్టరును అవమానించడం కాదు. వైద్యుల నడవడిపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటల్లో రికార్డుల నకళ్లు ఇవ్వాలి. దరఖాస్తు రాసి ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.

9. ఖర్చు ఎలా?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. పథకం కింద మంజూరైన చికిత్సకు జాబితాలోని ఆస్పత్రి డబ్బు అడగకూడదు. చేరేముందే ఆస్పత్రిలో పథకం పనులు చూసే వైద్యమిత్రను కలవండి. హెర్2 ఇంజెక్షన్ లాంటి ఖరీదైన మందు ప్యాకేజీలోకి వస్తుందా అని అప్పుడే తేల్చుకోండి. డబ్బు అడిగితే రసీదు ఇమ్మనండి, 104కు ఫోన్ చేయండి. గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో నాట్కో కట్టించిన క్యాన్సర్ విభాగం 2020 నుంచి ఉంది.

చికిత్సకు రైల్లో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా ఉచితం. ఆ తరగతుల్లో తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి ఇచ్చే రాయితీ సర్టిఫికెట్ కావాలి. మాచర్ల, గురజాల, నడికుడి, పిడుగురాళ్ల, నరసరావుపేట అన్నిటికీ రైలుంది కాబట్టి ఇది పనికొచ్చే హక్కే.

10. అన్యాయం జరిగిందనుకుంటే ఎక్కడికి వెళ్లాలి?

మొదట ఆస్పత్రి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి. పథకం డబ్బు గొడవైతే 104. ప్రైవేటు ఆస్పత్రి మీదైతే నరసరావుపేటలోని జిల్లా వైద్యాధికారికి, డాక్టరు నడవడి మీదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్ ఉంది. గడువు రెండేళ్లు. మీరున్న జిల్లా పరిధిలోనే వేయవచ్చు, చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. పథకం కింద ప్రైవేటు ఆస్పత్రిలో చేరినవాళ్లకూ ఈ దారి మూసుకుపోలేదు. కొందరికి డబ్బు తీసుకుని, కొందరికి ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారే అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ ఉచితంగా చేసే ప్రభుత్వాస్పత్రికి మాత్రం ఇది వర్తించదు. హైదరాబాద్‌కు చెందిన వి. కిషన్‌రావు కేసులో 2010లో అదే కోర్టు, ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదంది.

ఫలితం బాగా రాకపోవడమే నిర్లక్ష్యం కాదని కూడా గుర్తుంచుకోండి. క్యాన్సర్ మంచి వైద్యానికీ ఒక్కోసారి లొంగదు. చేయాల్సింది చేశారా లేదా అన్నదే కమిషన్ చూస్తుంది. అది రుజువయ్యేది ముక్క పరీక్ష రిపోర్టు, కేస్ షీట్, సమ్మతి పత్రం, రసీదులతోనే. అందుకని మొదటి స్కానింగ్ రోజే ఒక ఫైలు కొని, తేదీల వరసలో పెట్టడం మొదలెట్టండి.