జుట్టు వచ్చింది, సత్తువ రాలేదు

కీమో అయిపోయి జుట్టు మళ్లీ వచ్చేసరికి ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: "ఇంకేం, కోలుకున్నట్టే!" ఆ మర్నాటి నుంచి టార్గెట్లు, నెలాఖరు లెక్కలు, ఇన్‌స్పెక్షన్లు అన్నీ మామూలే. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆ మనిషికి పెన్ను పట్టుకునే ఓపిక కూడా ఉండటం లేదని ఎవరికీ తెలియదు. చెబితే పని ఎగ్గొట్టే సాకు అనుకుంటారేమోనని తనూ చెప్పుకోరు.

పెళ్లి పనులు చేసి అలసిన ఒళ్లు ఒక రాత్రి నిద్రపోతే తేలికపడుతుంది. ఈ నీరసం అలా కాదు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా అలాగే ఉంటుంది, చేసిన పనికీ దానికీ పొంతన ఉండదు. స్నానం చేసి బట్టలు మార్చుకునే లోపే ఒకసారి మంచం మీద కూర్చోవాల్సి వస్తుంది. బుర్ర కూడా మొద్దుబారుతుంది. చదివిన ఫైలే మళ్లీ చదువుతారు, రోజూ చూసే మనిషి పేరు నోటికి రాదు. చాలామందికి చికిత్స ముగిశాక నెమ్మదిగా తగ్గుతుంది, కొందరిని మాత్రం ఏళ్ల తరబడి వదలదు. నీరసం ఉన్నంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదు.

ఆఫీసు సంగతి తర్వాత, ముందు డాక్టరు. "నీరసంగా ఉందండీ" అంటే చాలాచోట్ల "తగ్గిపోతుందిలెండి" అన్న జవాబే వస్తుంది. అంకె చెప్పండి. అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది. నాలుగు, ఆ పైన ఉంటే కారణం వెతకాల్సిందే. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, నిద్ర పట్టకపోవడం, నొప్పి, డిప్రెషన్, మత్తు కలిగించే మందులు... వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు థైరాయిడ్ గురించి, డాక్సోరుబిసిన్ ఎక్కించుకున్నవాళ్లు గుండె పరీక్ష గురించి గట్టిగా అడగాలి. సందు చివర క్లినిక్కులో బలానికని సెలైన్ బాటిల్ ఎక్కించుకోవడం మాత్రం, నన్నడిగితే, దండగ ఖర్చు.

ఇంట్లోవాళ్లు ప్రేమతో చెప్పే "కదలకుండా పడుకో" అన్న సలహా కూడా పనిచేయదు. పడుకున్నకొద్దీ కండ తగ్గుతుంది, నీరసం పెరుగుతుంది. 2017లో జామా ఆంకాలజీ పత్రికలో 113 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. ఈ నీరసానికి మందుల కన్నా వ్యాయామం, మానసిక చికిత్స బాగా పనిచేశాయని తేలింది. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున కాస్త చురుకైన నడక, కనీసం 12 వారాలు. అది చేరుకోవాల్సిన గమ్యం. మొదలెట్టేది పది నిమిషాలతోనే. పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు, ఎముకలకు జబ్బు పాకినవాళ్లు డాక్టర్ని అడిగాకే నడక పెంచాలి.

ఇక ఆఫీసు. రెండు వారాల పాటు చిన్న డైరీలో రెండు గంటలకోసారి ఆ అంకె వేయండి, పక్కన అప్పుడు చేస్తున్న పని రాయండి. ఒక బ్యాంకు క్యాషియర్ డైరీ ఊహించుకోండి. ఉదయం పదింటికి 3. పన్నెండింటికి 4. రెండింటికి 7, కౌంటర్ ముందు క్యూ. నాలుగింటికి 8, క్యాష్ టాలీ కావడం లేదు, కట్టలు రెండోసారి లెక్క. అంటే అన్నిటికన్నా గురి తప్పకూడని పని, అన్నిటికన్నా ఓపిక లేని గంటలో పడుతోంది. ఇలాంటి మనిషికి నెల రోజుల సెలవు కన్నా పని వేళల మార్పే ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ మార్పును నోటిమాటగా అడగొద్దు, రాసివ్వండి. జాలిగా కాదు, లెక్కగా: "చికిత్స తర్వాతి నీరసం వల్ల మధ్యాహ్నం రెండు తర్వాత నగదు లెక్కలో పొరపాటు జరిగే ప్రమాదం ఉంది. మూడు నెలల పాటు ఉదయం పూట కౌంటర్, మధ్యాహ్నం ఫైళ్ల పని ఇప్పించగలరు. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను." గడువు రాస్తే మేనేజరుకు ఒప్పుకోవడం సులువు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లైతే సాయంత్రం కాల్స్ ఉదయానికి మార్చమని అడగొచ్చు. సిటీ బస్సులో నిలబడి వచ్చేవాళ్లు అరగంట ముందొచ్చి అరగంట ముందు వెళ్తామని అడగడం చిన్న కోరికే, కానీ రద్దీ లేని బస్సులో సీటు దొరకడంతోనే సగం రోజు గట్టెక్కుతుంది.

ఈ ఉత్తరానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో క్యాన్సర్ పేరు లేదు. స్వరపేటిక తీసేయడం వల్ల మాట పోయినా, కాలో చెయ్యో పోయినా ఆ లెక్కలోకి వస్తారు గానీ వట్టి నీరసానికి చోటు లేదు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్ల పరిస్థితి కొంత నయం. ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. క్యాన్సర్ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది కాబట్టి, రెండేళ్ల సర్వీసు, దానికి తగ్గ చందా ఉంటే, ఆ తర్వాత కూడా 80 శాతం చొప్పున పొడిగిస్తారు. ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి. ప్రభుత్వ ఉద్యోగులు అర్ధవేతన సెలవు గురించి, క్యాన్సర్‌కు అందులో ఉన్న వెసులుబాటు గురించి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ముందే అడిగి పెట్టుకోవాలి.

ఆడవాళ్లకు ఇంకో డ్యూటీ ఉంటుంది, సాయంత్రం ఆరు తర్వాత. ఆ గంటల అంకెలు కూడా డైరీలో రాసి ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. రాత్రి వంట ఎవరు చేయాలో, అంట్లు ఎవరు తోమాలో అప్పుడు తేల్చుకోవచ్చు.

మూడు నెలలయ్యాక మళ్లీ రెండు వారాలు డైరీ రాయండి. అంకె దిగితే కౌంటర్ మీద ఒక గంట కలుపుకోండి, దిగకపోతే గడువు పొడిగించమని ఇంకో ఉత్తరం. మధ్యలో ఒక్కసారిగా నీరసం పెరిగి ఆయాసమో కాళ్ల వాపో జ్వరమో కనిపిస్తే మాత్రం డైరీ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.